తెప్పకాళ్ల విమానం

విమానం అనగానే మన మనస్సులో మొదట మెదిలేది పొడవాటి రన్‌వే. చక్రాలమీద పరుగెత్తే యంత్రానికి అది తప్పదు. కాని నేల తక్కువ, నీరు ఎక్కువ అయిన చోట్ల మనిషి మరొక ఉపాయం కనిపెట్టాడు. చక్రాలు తీసివేసి, చిన్న పడవల వంటి రెండు కాళ్లు తగిలించి, నీటినే రన్‌వేగా వాడుకున్నాడు. 1910 మార్చి 28న ఫ్రాన్సులో, మార్టీగ్ పట్టణం చేరువనున్న ఒక ఉప్పునీటి సరస్సు మీదినుంచి హెన్రీ ఫాబ్ర్ అనే ఇంజనీరు ఇటువంటి యంత్రాన్ని తొలిసారిగా గాలిలోకి లేపాడు. ఆయన ఎగిరినది సుమారు అర కిలోమీటరు. అంతకుముందు ఆయన ఏ విమానాన్నీ నడిపి ఎరుగడు. మరుసటి సంవత్సరం జనవరి 26న అమెరికాలోని శాన్ డియాగోలో గ్లెన్ కర్టిస్ అదే విద్యను ప్రదర్శించాడు. నీటివిమానం చరిత్ర అక్కడినుంచి పరుగందుకొన్నది.

నేల తక్కువ, నీరు ఎక్కువ అయిన చోటనే నేను పుట్టి పెరిగాను. అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరునుంచి శ్రీ విజయపురం అంటున్నాము. ఆ నగరంలో విమానాశ్రయానికి దాపున ఉన్న పేట డాలీగంజ్; మా ఇల్లు అక్కడే. మా రేవుకు నీటివిమానం కొత్త చుట్టం కాదు. 1942 మార్చి 23న జపాను సేనలు ఈ ద్వీపాలను ఆక్రమించిన తరువాత వారి నౌకాదళానికి చెందిన పెద్ద పెద్ద ఎగిరే పడవలు ఈ రేవులోనే లంగరు వేసుకొని ఉండేవి. ఏప్రిల్ నెలలో బ్రిటిష్ హడ్సన్ విమానాలు వచ్చి వాటిమీద దాడి చేశాయి. మా కాలంలో వచ్చిన నీటివిమానం మాత్రం శాంతికాముకమైనది. 'జల్ హంస్' పేరుతో పవన్ హన్స్ సంస్థ, అండమాన్ పాలనాయంత్రాంగం కలిసి 2010 డిసెంబరు 30న ఆ సర్వీసును ప్రారంభించాయి. ఆ తరువాత ఒక సెస్నా విమానం కొన్నాళ్లు మా దీవుల మధ్య ప్రయాణికులను చేరవేసింది. ఇప్పుడది లేదు. కాని అది నీళ్లను చీల్చుకుంటూ లేచిన దృశ్యం చూసినవారు దాన్ని సులభంగా మరిచిపోలేరు.

ఈ వ్యాసం అంత పెద్ద విమానాన్ని గురించి కాదు. కిలోన్నర పైచిలుకు బరువుతో, రేడియో సంకేతాలతో నడిచే ఒక నమూనా విమానాన్ని గురించి. దాన్ని కలిసి తయారుచేసిన ఒక తాతను, ఒక మనుమణ్ణి గురించి.

మా నాన్నగారిది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి తూర్పున, సముద్రానికి చేరువలో ఉన్న ఒక పల్లె. వడ్రంగుల కుటుంబం. చిన్నతనంలో ఆయన తన తండ్రి వెంట తీరానికి పోయి జాలరుల తెప్పలకు, పడవలకు మరమ్మతులు చేసేవారట. 1968లో ఓడ ఎక్కి ఈ దీవులకు వచ్చి, చాథం రంపపుమిల్లులో పనికి కుదిరారు. 1883లో మొదలైన ఆ మిల్లులోనే ఆయన ఉద్యోగజీవితమంతా గడిచింది. పడాక్, గర్జన్ దూలాలను చేత్తో తట్టి, లోపల పుచ్చు ఉన్నదో లేదో చెప్పగల మనిషి. ఆయనకు వచ్చిన భాష తెలుగు ఒక్కటే. మిల్లులో అవసరానికి నాలుగు ముక్కల హిందీ నేర్చారు గాని, అది రంపం చప్పుడుతోపాటే ఆగిపోయింది.

మా అబ్బాయి సంగతి వేరు. బడిలో ఇంగ్లీషు, వీథిలో హిందీ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళాల తరువాతి స్థానం మనదే. అయినప్పటికీ ఆడుకొనే పిల్లలకు లెక్కలతో పని లేదు. అందరికీ అర్థమయ్యే భాషనే వారు ఎంచుకొంటారు. వాడికి తెలుగు వింటే కొంత తెలుస్తుంది, పలకడానికి నోరు రాదు. అందులోనూ తాతగారిది ఉత్తరాంధ్ర పల్లె మాట. నేను ఆంగ్లసాహిత్యం చదువుకొని, అనువాదాన్ని వృత్తిగా చేసికొన్నవాణ్ణి. బయట ఇంగ్లీషు నుంచి తెలుగులోకి పుటకు ఇంత అని ప్రతిఫలం పుచ్చుకొనే నేను, మా ఇంట్లో పదిహేనేళ్లపాటు ఉచితంగా దుబాసీ పని చేశాను. "తాతగారు అన్నం తిన్నావా అంటున్నారు" అని వాడికి, "తిన్నాడట" అని ఆయనకు. వాళ్ల సంభాషణ అంతకంటె సాగేది కాదు. ఒకే కప్పు క్రింద ఇద్దరు మంచి మనుష్యులు పరస్పరం మర్యాదగా మౌనం పాటించడం చూడవలసి వచ్చినవారికే ఆ బాధ తెలుస్తుంది. ఆయనకు డెబ్బైయేడు నిండాయి. ఆ మౌనాన్ని అలాగే మిగిల్చి వెళ్లిపోతారేమో అన్న భయం నన్ను రాత్రులందు పట్టుకొనేది.

2024 వర్షాకాలంలో వాడికి నమూనా విమానాల మీద మోజు కలిగింది. మోటారు, సర్వోలనబడే చుక్కానులు త్రిప్పే చిన్న యంత్రాలు, రేడియో అన్నీ ప్రధానభూమినుంచి తెప్పించాము. లిథియం బ్యాటరీలను విమానంలో పంపడానికి ఆంక్షలు ఉండటంచేత అవి ఓడమీద తీరికగా వచ్చాయి. రెక్కల నిడివి నూటనలభై సెంటీమీటర్లు. మామూలు చక్రాల విమానం వాడికి నచ్చలేదు. "చుట్టూ సముద్రం పెట్టుకొని చక్రాలెందుకు?" అన్నది వాడి వాదం. పటంతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని వాడు చదవగలడు గాని, కర్ర కోయలేడు. కర్ర కోయగలిగిన ఆయన ఇంగ్లీషు చదవలేరు. కనుక మళ్లీ దుబాసీ అవసరం వచ్చింది.

మొదటి పుటలోనే నా పాండిత్యానికి పరీక్ష ఎదురయినది. ఆ పడవకాళ్లను ఇంగ్లీషులో ఫ్లోట్లు అంటారు. తెలుగులో ఏమనాలి? 'ప్లవనములు' అని వ్రాసుకొని, నాకే నవ్వు వచ్చి కొట్టివేశాను. వలలకు కట్టే బెండ్లు గుర్తుకు వచ్చి, "ఇవి విమానానికి బెండ్లు నాన్నా" అన్నాను. ఆయన పటంలోని బొమ్మను చాలాసేపు చూశారు.

"బెండు కాదురా. బెండు తేల్తాది గాని ఉన్న సోటే ఉంటాది. ఇది నడవాల. ఇది తెప్ప."

నిఘంటువులు తిరగవేసి నేను పట్టుకోలేని మాట అది. తేలడం వేరు, తేలుతూ నడవడం వేరు. ఆ తేడా మీదనే నీటివిమానం యావత్తూ ఆధారపడి ఉన్నది. ఆనాటినుంచి మా ఇంట్లో అవి తెప్పలు. మా అబ్బాయి మొదటిసారి తాతగారి మాటను తాతగారి యాసలోనే పలికాడు.

తెప్పల కొలతలకు కొన్ని లెక్కలున్నాయి. తెప్ప పొడవు విమానం ఒడలి పొడవులో ముప్పాతిక భాగం మొదలు నూటికి ఎనభై పాళ్ల వరకు ఉండాలి. దాని ముక్కు ముందున్న పంకాను దాటి ఉండాలి. లేకుంటే విమానం నీళ్లలో తల దూరుస్తుంది. రెండు తెప్పలూ పూర్తిగా మునిగితే తొలగే నీటి బరువు విమానం బరువుకు సుమారు రెండింతలుండాలి. అంటే కిలోన్నర విమానానికి మూడు లీటర్లన్నమాట. వీటన్నిటికంటె ముఖ్యమైనది తెప్ప అడుగున సగం దాటిన తరువాత వచ్చే మెట్టు. అక్కడ అడుగుభాగం హఠాత్తుగా సెంటీమీటరు మేర పైకి తెగి ఉంటుంది. నునుపుగా సాగిపోవలసిన చోట ఆ తెగుదల ఎందుకో మా అబ్బాయికి అర్థం కాలేదు. పుస్తకంలోని వివరణను నేను తెలుగు చేస్తే అది నాకే అర్థం కాలేదు.

నాన్నగారు లేచి వెళ్లి, చిత్రిక పట్టిన రెండు పలకలు తెచ్చి, నీళ్లలో ముంచి, ఒకదానిపై ఒకటి పెట్టి నొక్కారు. "లాగు" అన్నారు వాడితో. పట్టి లాగితే పలకలు విడిపోలేదు. ఆయన అంచున సన్నని పుల్ల దూర్చారు. లోపలికి గాలి పోయింది. పలక ఊడి చేతికి వచ్చింది. "తడి పలకని తడి పలక ఒదల్దు. మజ్జిన గాలి దూరాల." మిల్లులో వేలసార్లు చూసిన సంగతి కాబోలు.

నీటివిమానాల రహస్యమంతా అదే. వేగం పెరిగేకొద్దీ తెప్ప పైకి లేచి తన ముందుభాగం మీద జారుతుంది. మెట్టు దగ్గర నీరు తెగి, వెనుకకు గాలి దూరుతుంది. నీటి పట్టు సడలుతుంది. అప్పుడు రెక్కలు తమ పని తాము చేసికొంటాయి. కర్టిస్ బృందం చేసిన తొలి ఎగిరే పడవ కూడ నీటిని వదలక మొరాయించినదే. అడుగున మెట్టు చేర్చిన తరువాత 1912లో గాని వారి చిక్కు తీరలేదు. ఆ చిక్కును మా నాన్నగారు రెండు పలకలతో, ఒక పుల్లతో మా వసారాలో విప్పి చూపించారు. నా అనువాదం అవసరం లేకపోయింది.

నమూనా విమానాలకు బాల్సా కర్ర శ్రేష్ఠం. అది ఘనమీటరుకు సుమారు నూటఅరవై కిలోలే తూగే తేలికకర్ర. తెప్పల పైతొడుగుకు దానినే తెప్పించాము. కాని లోపలి పక్కటెముకలకు, బరువు మోసే అడుగుపట్టీకి నాన్నగారు పాత పెట్టె ఒకటి విప్పి పపితా చెక్క తీశారు. పేరు చూసి బొప్పాయి అనుకోకండి; అగ్గిపుల్లలకు, సామాన్ల పెట్టెలకు వాడే మా అడవుల తెల్లకర్ర అది. ఉలి, చిత్రిక, గాజుకాగితం ఆయనవి. కొలబద్ద, ఎపాక్సీ జిగురు, వైర్లు వాడివి. సాయంత్రాలు వసారాలో ఇద్దరూ తలలు వంచుకొని కూర్చొనేవారు. మొదట్లో ప్రతి ఐదు నిమిషాలకు "నాన్నా!" అని ఇటునుంచి ఒక పిలుపు, "ఒరే!" అని అటునుంచి ఒక పిలుపు నాకు వచ్చేవి. క్రమంగా అవి గంటకొకటి అయ్యాయి.

ఒకనాడు వాడు తాతగారితో చిన్న వాదానికి దిగాడు. విమానం గాలిలోకి లేచిన తరువాత తెప్పలు దండుగ బరువు గదా, గాలికి అడ్డు గదా అని. మాట నిజమే. పక్కనే ఉన్న నేను చరిత్ర అందుకొన్నాను. 1931 సెప్టెంబరులో తెప్పలున్న సూపర్‌మెరీన్ ఎస్.6బి అనే బ్రిటిష్ విమానమే గంటకు నాలుగు వందల మైళ్లు దాటి ప్రపంచ రికార్డు నెలకొల్పిందనీ, దాన్ని రూపొందించిన రెజినాల్డ్ మిచెల్ తరువాత స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని సృష్టించాడనీ చెప్పాను. వాడు మర్యాదకు విన్నాడు. నాన్నగారు గాజుకాగితం రుద్దడం ఆపకుండానే అన్నారు: "మరి దిగొద్దేట్రా?" వాడు ఇంకేమీ అనలేదు. తెలుగు నేర్చుకొని ఏం ప్రయోజనమని వాడు నన్నడిగినప్పుడల్లా నేను చేసిన ఉపన్యాసాలు నాకు గుర్తుకు వచ్చాయి. అవి ఇంత పొట్టిగా లేవు.

నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాటునుంచి శ్రీశైలానికి ప్రయోగాత్మకంగా నీటివిమానం నడిపారు. ట్విన్ ఒటర్ విమానం కృష్ణమ్మ మీద దిగే దృశ్యాన్ని తాతా మనుమలు ఫోనులో పదిసార్లు చూశారు. అప్పటికి మా విమానం కూడ సిద్ధమైంది. నీళ్లతొట్టిలో తెప్పలు తేలించి చూశాము. డాలీగంజ్‌లో వేసవి నీటికొరత ఎరిగినవారికి, ఆట కోసం తొట్టి నింపడానికి మా ఇంటావిడ ఒప్పుకోవడం ఎంత ఘనకార్యమో తెలుస్తుంది. అదృష్టవశాత్తూ వానలు ఇంకా వెనుదీయలేదు. తెప్పలు సగానికి కొంచెం తక్కువగా మునిగి, సమంగా నిలిచాయి. ఇక ఎగరడమే తరువాయి.

ఎక్కడ? ప్రశ్న అక్కడ వచ్చింది. మా పేట ప్రక్కనే విమానాశ్రయం. దాని రన్‌వే నౌకాదళానికి చెందిన ఐ.ఎన్.ఎస్. ఉత్క్రోశ్ స్థావరానిది కూడ. ఇరవైయైదు కిలోలకు మించకుండా, కనుచూపు మేరలో, చదువుకో వినోదానికో ఎగరవేసే నమూనా విమానాలకు 2021 డ్రోన్ నియమాలు కొన్ని సడలింపులు ఇచ్చాయి. అంతమాత్రాన విమానాశ్రయం చెంత, సైనిక స్థావరాల చెంత అనుమతి లేకుండా గాలిలో ఏ వస్తువునూ లేపడానికి లేదు. అది న్యాయమే. వందలాది ప్రాణాలతో దిగివచ్చే విమానానికి ఒక పిల్లవాడి ఆటవస్తువు అడ్డుపడితే ఏమగునో ఊహించవచ్చును. "తెల్లవారుజామున ఎవరూ చూడరు నాన్నా" అన్నాడు వాడు కన్నీళ్లు దిగమ్రింగుకొంటూ. నేను ఒప్పుకోలేదు. చుట్టూ ఇంత నీరు, ఇంత ఆకాశం. వాడి నీటివిమానానికి రెండింటా చోటు లేదు. వారం రోజులు వాడు వసారాలోకి రాలేదు.

అప్పుడు నాన్నగారు వాడి మంచం ప్రక్కన కూర్చొని అన్నమాట నేను గుమ్మంలోనుంచి విన్నాను. "మనూరి సెరువుంది గదా. పండక్కి ఎల్దామా?" ఆయన స్వగ్రామం వెళ్లి పన్నెండేళ్లయింది. రమ్మని నేను ఎన్నిసార్లు అడిగినా మోకాళ్లనొప్పి అని దాటవేసిన మనిషి. వాడు వెంటనే లేచి ప్రభుత్వపు పటంలో ఆ పల్లె వెదికాడు. అక్కడ ఆకాశం పచ్చరంగులో ఉన్నది, అంటే అనుమతి అక్కరలేని చోటన్నమాట. దగ్గరలోని తేలినీలాపురానికి శీతకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు విడిది వస్తాయి గనుక అటువైపు పోకూడదని నేను షరతు పెట్టాను.

2025 సంక్రాంతికి ముందు ఓడ ఎక్కాము. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖపట్నానికి సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం. రెక్కలు విప్పి పాతచీరలలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను నాన్నగారు తన బెర్తు ప్రక్కనే ఉంచుకొన్నారు. 1968లో తాను వచ్చిన ప్రయాణాన్ని తిరుగుదారిలో ఆయన మనుమడికి చెబుతున్నారు. నేను డెక్కు మీదికి వెళ్లి నిలబడ్డాను. నన్ను ఎవరూ పిలవలేదు.

విశాఖనుంచి రైలులో నౌపడ. అక్కడినుంచి ఆటోలో పల్లె. కనుమనాటి ఉదయం ఏడు గంటలకు చెరువు గట్టున పాతికమంది చేరారు. మంచు విడిచింది. గాలి పూర్తిగా నిలిచిపోయింది. నీరు అద్దంవలె ఉన్నది. ఇంతకంటె మంచి సమయం ఉండదని నేను అనుకొన్నాను. వాడు విమానాన్ని నీటిమీద వదలి, రేడియోమీద వేలు జరిపాడు. మోటారు పాడింది. విమానం తెల్లని గీత గీస్తూ పరుగెత్తింది, చెరువు చివరిదాకా పరుగెత్తింది, లేవలేదు. త్రిప్పి తెచ్చి మళ్లీ పరుగెత్తించాడు. మళ్లీ లేవలేదు. మూడోసారి గట్టునున్న పిల్లలు నవ్వారు. మా అబ్బాయి ముఖం ఎర్రబడింది. బ్యాటరీలో మిగిలినది మరి రెండు పరుగులకు సరిపడే శక్తి మాత్రమే. అంత దూరం సముద్రం దాటించి తెచ్చిన ఆశ ఆ నీటికి అతుక్కొని ఉండిపోయింది.

నేను గట్టుమీద ఉన్నాను. వాళ్లిద్దరూ నీటి ఒడ్డున ఉన్నారు. వాడు తాతగారివైపు తిరిగి, "పలకా?" అన్నాడు.

"పలకే" అన్నారాయన.

ఈ రెండు మాటలకు గట్టుమీద ఎవరికీ అర్థం తెలియదు. తెలిసినవాడికి తప్ప అది సంభాషణే కాదు. నాన్నగారు మా చిన్నాన్న కొడుకును పిలిచి, తాటిదోనె తీసి చెరువుకు అడ్డంగా ఒకసారి నడపమన్నారు. దోనె వెళ్లింది. దాని వెనుక అద్దం పగిలి, చిన్న చిన్న అలలు చెరువంతా పరుచుకొన్నాయి. నిశ్చలమైన నీరు తెప్పను మరింత గట్టిగా పట్టుకొంటుందనీ, కొద్దిపాటి అలలుంటే అడుగున గాలి చేరి తేలికగా వదులుతుందనీ పెద్ద నీటివిమానాలు నడిపేవారికి తెలిసిన విషయమేనని తరువాత చదివాను. దోనె ఒడ్డు చేరిన వెంటనే వాడు మోటారు పెంచాడు. విమానం అలల తలలమీద టపటప తట్టుకుంటూ పోయి, చెరువు నడుమ ఉన్నట్టుండి చప్పుడు మానింది. తెప్పలనుంచి నీటిచుక్కలు రాలుతున్నాయి. వాటి క్రింద వెలుతురు కనబడింది.

అది నాలుగు నిమిషాలు ఎగిరింది. రెండుసార్లు చెరువు చుట్టి, మూడో చుట్టులో నీటిమీదికి వాలి, కొంగవలె ఒక్క గంతు వేసి కూర్చున్నది. మోకాలి లోతు నీళ్లలో నిలిచి నాన్నగారు దాన్ని రెండు చేతులతో అందుకొన్నారు. వాడు ఆయన భుజం పట్టుకొని ఏమేమో చెబుతున్నాడు. అందులో సగం హిందీ, పావు ఇంగ్లీషు, మిగిలినది టెక్కలి తెలుగు. ఆయన తలూపుతున్నారు. ఎవరూ నావైపు చూడలేదు. నా వృత్తిలో అంతటి సంతోషం నాకు ఇంతవరకు కలుగలేదు. దుబాసీతో పని లేని రోజు కోసమే గదా ఏ దుబాసీ అయినా పని చేసేది!

ఇప్పుడు మా వసారాలో రెండవ విమానం తయారవుతున్నది. ఇది మొదటిదానికంటె పెద్దది. వచ్చే సంక్రాంతికి దానితో మళ్లీ ఊరు వెళ్తామట. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నేను లోపలిగదిలో నా అనువాదం చేసికొంటూ ఉంటే గోడ అవతలినుంచి చిత్రిక చప్పుడుతోపాటు వారి మాటలు వినవస్తాయి. పలక, తెప్ప, మెట్టు, సర్వో. మధ్యమధ్య వారిద్దరూ కల్పించుకొన్న మాటలు కొన్ని దొర్లుతుంటాయి. వాటిలో రెండు మూడు నాకు అర్థం కావు. నిన్న సాయంకాలం ఒకదానికి అర్థం అడుగుదామని లేచాను. గుమ్మం దాకా వెళ్లి, అడగకుండానే తిరిగి వచ్చి కూర్చున్నాను.